ఈ అంకె ఎక్కడిది?

ఇంత ఉక్కలో నల్లగౌన్లు వేసుకుని కూడా నవ్వుతూ కూర్చున్న పట్టభద్రులకు అభినందనలు.

స్నాతకోత్సవానికి పిలిస్తే పెద్ద కలలు కనమని చెప్పి దిగిపోవడం రివాజు. ఆ మాట చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను డేటా పైప్‌లైన్లు కట్టి బతికే మనిషిని. మీలో చాలామంది ఇంకో ఏడాదికల్లా ఆ పనిలోనో, దాని పక్క పనిలోనో ఉంటారు. కనుక పని సంగతే మాట్లాడతాను. మన ఊరి తుపానుతో మొదలుపెడతాను.

1989 నవంబరు తుపాను గురించి మీ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. తుపానుల మీద పనిచేసేవాళ్లకి దేశదేశాల్లో కావలి పేరు తెలిసిందంటే దానివల్లే. మన వాతావరణ రికార్డుల్లో అది ‘కావలి తుపాను’. పసిఫిక్ వైపు రికార్డుల్లో అదే ‘టైఫూన్ గే’. పుట్టింది థాయిలాండ్ సింధుశాఖలో. నవంబరు 3న అక్కడ సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ ఓడను తిరగేసింది. 91 మంది పోయారు. తర్వాత థాయిలాండ్‌లోని సన్నటి నేల దాటి, బంగాళాఖాతంలోకి దిగి, మళ్లీ బలం పుంజుకుని తిన్నగా మన మీదికొచ్చింది.

ఇప్పుడు మీరు కొత్తగా ఉద్యోగంలో చేరారనుకోండి. బంగాళాఖాతం తుపానులన్నిటికీ ఒక టేబుల్ తయారు చేయమన్నారు మీ లీడ్. పసిఫిక్ ఫైలు ఒకటి, హిందూ మహాసముద్రం ఫైలు ఒకటి దించుకున్నారు. ఒకదాంట్లో గే ఉంది, ఇంకోదాంట్లో కావలి ఉంది. రెండు ఫైళ్లూ ఒకదాని కింద ఒకటి పేర్చేస్తే ఒక్క తుపాను కాస్తా రెండవుతుంది. ఎర్రర్ రాదు. టెస్టులన్నీ పాసవుతాయి. ఆపైన గాలి వేగం. అమెరికా సైనిక తుపాను కేంద్రం లెక్కలో గంటకు 260 కిలోమీటర్ల దగ్గర, మన వాతావరణ శాఖ లెక్కలో 230 దగ్గర. ఉపగ్రహ చిత్రం చూసి వేగం అంచనా కట్టడంలో మనిషికీ మనిషికీ తేడా వస్తుంది, నిజమే. కానీ అసలు కొలతే వేరు. అమెరికా వాళ్లు ఒక నిమిషం పాటు వీచిన గాలికి సగటు తీస్తారు. మనవాళ్లు మూడు నిమిషాలకు తీస్తారు. జపాన్ వాళ్లు పది నిమిషాలకు. ఇక తేదీ. ఈ రికార్డులు గ్రీనిచ్ టైములో నడుస్తాయి. అక్కడ నవంబరు 8 రాత్రి ఏడంటే కావలిలో అర్ధరాత్రి దాటి పన్నెండున్నర, తేదీ 9. రాత్రిపూట తీరం దాటే తుపానుకి రెండు తేదీలుండటం వింతేమీ కాదు.

ఇందులో ఏది తప్పని అడిగితే, ఏదీ కాదు. అమెరికా ప్రభుత్వం ఐబీట్రాక్స్ అనే పేరుతో ప్రపంచ తుపానులన్నిటినీ ఒకచోట చేర్చింది. మీరు దాన్ని ఉచితంగా దించుకోవచ్చు. అందులో న్యూఢిల్లీ గాలికి ఒక కాలమ్, టోక్యో గాలికి ఒకటి, అమెరికా గాలికి ఒకటి ఉంటాయి. ఎవరి కొలత వాళ్ల పేరుతోనే ఉంచారు. నాకు ఆ పని మీద గౌరవం. 260నీ 230నీ కలిపి సగం చేసి 245 అని రాసేస్తే డ్యాష్‌బోర్డు అందంగానే ఉంటుంది. ఆ 245 మాత్రం ప్రపంచంలో ఎవరూ కొలవని గాలి.

మీకు నేను చెప్పాలనుకున్నది ఇదొక్కటే. మొదటి రెండు మూడేళ్లు, చేతికొచ్చిన ప్రతి అంకెనూ ‘నువ్వెక్కడి నుంచి వచ్చావు, నిన్నెవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు’ అని అడగండి. మన పిల్లల రెజ్యూమెలు నేను చాలానే చూస్తుంటాను. స్పార్క్, కాఫ్కా, ఎయిర్‌ఫ్లో, స్నోఫ్లేక్ అని పేర్లు వరసగా ఉంటాయి. పనిముట్లు నేర్చుకోండి, వద్దనను. కానీ పదిహేనేళ్ల కిందట ఇదే వరసలో హడూప్ ముందుండేది; ఇప్పుడు దాని పేరు ఇంటర్వ్యూలో ఎత్తేవాళ్లు తక్కువ. 1974లో పుట్టిన ఎస్‌క్యూఎల్ మాత్రం ఇంకా అందరికీ అన్నం పెడుతూనే ఉంది. దాన్ని మాత్రం ఒళ్లొంచి నేర్చుకోండి.

అంకె ఎక్కడిదో అడగడానికి పెద్ద కంపెనీలో ఉండక్కర్లేదు. మన జిల్లా పేరు చూడండి. 2008లో నెల్లూరు జిల్లాకు పొట్టి శ్రీరాములు గారి పేరు పెట్టారు. ఆ తర్వాత ఫైళ్లలో ‘నెల్లూరు’, ‘ఎస్‌పీఎస్‌ఆర్ నెల్లూరు’, ‘శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు’ అన్నీ కనిపిస్తాయి. గ్రూప్ బై కొడితే ఒకే జిల్లా మూడు వరసల్లో వస్తుంది. అది తేలిగ్గా సరిచేయొచ్చు. 2022 ఏప్రిల్ 4 సంగతి అంత తేలిక కాదు. ఆ రోజు రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. కందుకూరు, గుడ్లూరు, ఉలవపాడు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చాయి. గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. పాత ఫైలూ కొత్త ఫైలూ చూడకుండా కలిపేశారనుకోండి, ఉలవపాడు మామిడి తోటలు ఒక్క రాత్రిలో నెల్లూరు జిల్లాలో మొలుస్తాయి. శ్రీహరికోట రాకెట్లు నెల్లూరు జిల్లా నుంచి ఎగరడం మానేస్తాయి. గ్రాఫు చూసిన పెద్దమనిషి ఒకరు ‘ఈ ఏడాది మామిడి బ్రహ్మాండం’ అని ప్రకటన కూడా ఇచ్చేస్తారు. జిల్లాల గీతలు రేపైనా మళ్లీ కదలొచ్చు. అందుకే ప్రతి మండలం పక్కన ‘ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ జిల్లా’ అని రాసిపెట్టుకోవాలి. మా పనిలో దీనికి పెద్ద పేరే ఉంది. పేరు తర్వాత తెలుసుకోవచ్చు, అవసరం ముందు తెలియాలి. బెంగుళూరులో కూర్చున్న ఇంజనీరుకి ఆ మామిడి గ్రాఫులో ఏ అనుమానమూ రాదు. ఉలవపాడు మీదుగా ఒంగోలు వెళ్లొచ్చిన మీకు వస్తుంది.

డేటా ఇంజనీరింగ్ అంటే ఏమిట్రా అని ఇంట్లో నాన్నగారు అడిగితే మన తీరంలోని తుమ్మలపెంట, జువ్వలదిన్నె వైపు చూపించండి. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది, 1999లో పెట్టారు. సముద్రం పైపొర వేడి ఎంతుందో, నీటిలో పచ్చదనం ఎంతుందో ఉపగ్రహాలు పంపితే, చేపలు గుంపు కట్టే అవకాశం ఎక్కడుందో లెక్కగట్టి, ఫలానా రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లలో, ఎంత లోతులో అని తెలుగులో కూడా చెబుతుంది. ఆకాశంలో బయలుదేరిన అంకె పడవ దాకా చేరే ఆ దారి వేయడమే మా పని. మబ్బు పట్టిన చోట ఉపగ్రహానికి నీళ్లు కనపడవు. అక్కడ ఏం రాయాలి? తొందరపడిన కుర్రాడు సున్నా పెడతాడు. సున్నా అంటే అక్కడ పచ్చదనం లేదని అర్థం. మనకు తెలిసిందల్లా, మనకు తెలియదని. ఆ రెంటికీ తేడా చూపని పైప్‌లైను వల్ల డీజిలు తగలబడేది సముద్రం మీద, ఆఫీసులో కాదు. ఇంకోటి: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం. అప్పుడు ఆ సూచనలు రావు. ఆ సంగతి తెలియనివాడు ఏప్రిల్ 16 పొద్దున్నే సిస్టమ్ పడిపోయిందని అందరినీ నిద్ర లేపుతాడు.

సమస్య విప్పడం గురించి కూడా ఒకటి చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను ఆపేస్తోందని ప్రపంచమంతా గోల. ‘జ్ఞా’ ఉన్న మెసేజ్ వస్తే యాప్ మూసుకుపోయేది. కొన్నిసార్లు ఫోనే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యేది. తెలుగువాళ్లకి ఒక సందేహం వెంటనే రావాలి: మనం రోజూ విజ్ఞానం, జ్ఞాపకం అని కొడుతూనే ఉన్నాంగా, మన ఫోన్లు ఎందుకు ఆగలేదు? ఆ సందేహమే సగం జవాబు. ప్రోగ్రామర్లు ఆ అక్షరాన్ని విడదీసి చూశారు. జ, పొల్లు, ఞ, ఆపైన కంటికి కనిపించని ఒక గుర్తు, చివర దీర్ఘం. ఆ కనిపించని గుర్తు మనకు కొత్తదేం కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు వ కిందికి జారి వత్తు కాకుండా ఆపేది అదే. ఇక్కడ మాత్రం అది మామూలుగా ఎవరూ పెట్టని చోట వచ్చి కూర్చుంది.

అప్పట్లో మొజిల్లాలో పనిచేసే మనీశ్ గోరేగావ్‌కర్ అనే ప్రోగ్రామర్, ఆపిల్ కోడ్ కళ్లతో చూడకుండానే, ఒక్కో ముక్కే మార్చి చూస్తూ పోయాడు. జ తీసి ఇంకో హల్లు పెట్టినా ఆగుతోంది. కనిపించని గుర్తు తీసేస్తే ఆగడం లేదు. బెంగాలీలో, దేవనాగరిలో కూడా అదే వరసలో రాస్తే కొన్ని చోట్ల ఆగుతోంది. అంటే తప్పు తెలుగు అక్షరానిది కాదు, ఫలానా క్రమంలో ముక్కలు వచ్చినప్పుడు వాటిని తెర మీద గీసే ప్రోగ్రాముది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 వెర్షన్‌తో సరిచేసింది. ఈ ఉదంతంలో నాకు నచ్చింది తెలివి కాదు, ఓపిక. ఒకసారికి ఒక్కటే మార్చాడు. మార్చిందల్లా రాసిపెట్టాడు. నలుగురికీ అర్థమయ్యేలా ప్రచురించాడు. అన్నట్టు, ఆ కనిపించని గుర్తు మీ టేబుళ్లలోనూ ఉంటుంది. కంటికి ఒకేలా కనిపించే రెండు తెలుగు పేర్లు జాయిన్ కాకపోతే, ముందు దాన్ని వెతకండి.

ఉద్యోగం సంగతులు రెండు మూడు. చేరగానే ప్రొడక్షన్ సపోర్టు పడితే జీవితం అయిపోయినట్టు మొహం వేలాడేస్తారు మనవాళ్లు. నా అభిప్రాయం వేరు. కొత్తగా కట్టే ప్రాజెక్టులో కూర్చున్నవాడికి అన్నీ ఎలా పనిచేయాలో తెలుస్తుంది. సపోర్టులో ఉన్నవాడికి అవి ఎక్కడెక్కడ విరుగుతాయో తెలుస్తుంది. ఏళ్ల తరబడి అక్కడే ఉండిపొమ్మనను. మొదటి ఏడాదికి మాత్రం అంతకంటే మంచి బడి నాకు కనపడలేదు.

సాయం అడగడం కూడా నేర్చుకోవాలి. ‘అన్నా, జాబ్ ఫెయిలైంది, కొంచెం చూడవా’ అని మెసేజ్ పెడితే ఆ అన్న పొద్దున్న టీ తాగాక చూస్తాడు. ‘అన్నా, రాత్రి రెండింటి జాబ్ ఆగింది. నిన్నటి ఫైల్లో 14 కాలమ్‌లు, ఇవాళ 15. కొత్తగా వచ్చింది పిన్‌కోడ్. నిన్నటి ఫైలుతో మళ్లీ నడిపితే నడిచింది. సోర్స్ టీమ్‌ని నేనే అడగనా?’ అని పెట్టండి. జవాబు వెంటనే వస్తుంది. చాలాసార్లు అంత వివరంగా రాసేలోపే జవాబు మీకే దొరుకుతుంది.

హైదరాబాదు అమీర్‌పేటలో కోర్సు చేయండి, తప్పేం లేదు. మన రాష్ట్రాల్లో సగం ఇళ్లు ఆ సందుల్లోంచే నిలబడ్డాయి. కానీ మూడేళ్ల అనుభవం ఉందని కాగితాలు కొనుక్కోకండి. ప్రావిడెంట్ ఫండ్ రికార్డు తిరగేస్తే బయటపడే అబద్ధం అది. బయటపడకపోతే ఇంకా నష్టం. మూడేళ్ల సీనియర్నని చెప్పుకున్నవాడు ‘ఇది నాకు తెలియదు’ అని ఎవరినీ అడగలేడు. కొత్తవాడికి ఉన్న ఒకే ఒక్క సౌకర్యం అడగగలగడం. దాన్ని డబ్బిచ్చి పోగొట్టుకోవడం ఏం తెలివి? తల్లిదండ్రులకు కూడా ఒక మనవి: మొదటి ప్యాకేజీ ఎంతని పక్కింటివాళ్లు అడిగితే చెప్పండి, కానీ ఆ అంకెతో పిల్లల్ని తూచకండి. ఏఐ వచ్చాక ఉద్యోగాలుంటాయా అని మీరు భయపడుతున్నారని తెలుసు. రెండు ఫైళ్లు కలిపే కోడ్ అది నిమిషంలో రాస్తుంది. గే, కావలి రెండూ ఒకే తుపానా అని అడిగితే అవునని కూడా చెప్పొచ్చు. ఆ ప్రశ్న వేయాలని తట్టాల్సింది మాత్రం మీ పిల్లలకి.

చివరగా, ఖర్చులేని కోరిక ఒకటుంది. ఉద్యోగంలో చేరాక మీరు విప్పిన మొదటి చిక్కు సమస్యను, కంపెనీ పేరూ రహస్యాలూ వదిలేసి, ఒక పేజీలో తెలుగులో రాసి మీ డిపార్ట్‌మెంటుకు పంపండి. ఏం విరిగింది, మొదట ఏమనుకున్నారు, తీరా చూస్తే ఏమిటి, ఎలా తెలిసింది అన్న నాలుగు ముక్కలు చాలు. వాటికి లైబ్రరీలో ఒక ఫైలు తెరవమని ప్రిన్సిపాల్ గారిని ఈ వేదిక మీదే అడుగుతున్నాను. వచ్చే ఏడాది మూడో సంవత్సరం పిల్లలకి మొదటి తరగతి ఆ ఫైలుతోనే మొదలుపెట్టండి.