ఉష్ణనిరోధక తలుపులు: కొనవలెనా, మానవలెనా?
(కుందలహళ్ళి తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన కుందలహళ్ళిలో పాత పెంకుటిండ్లు పోయి మేడలు లేచుచున్నవి. 2023 మార్చిలో మెట్రో రైలు మన వాకిటికి వచ్చినది. క్రొత్త మేడలకు క్రింద కారు షెడ్డు, దానికి ఇనుప షట్టరు పరిపాటియైనవి. ఇటీవల కొందరు గృహస్థులు మమ్మొక ప్రశ్న అడుగుచున్నారు. రెండు రేకుల నడుమ నురుగు నింపిన ఉష్ణనిరోధకపు తలుపు మామూలు షట్టరు కంటె మిక్కిలి ప్రియము. అది ఆ ధరకు తగునా అని. అమెరికాలోనున్న కుమారులు అదే వేయింపుడని ఫోనులో చెప్పుచున్నారట.

పిల్లలు చెప్పునది అచ్చటికి సత్యమే. మిన్నియాపోలిస్ వంటి పట్టణములలో జనవరి రాత్రులు సున్నకు పది డిగ్రీల క్రిందకు దిగుట సామాన్యము. అచ్చట కారు గది ఇంటిలోనే అంతర్భాగము. దానిపైననే పడకగది యుండుట కలదు. తలుపు పలుచనైనచో ఇల్లంతయు చలి. మన బెంగుళూరు సముద్రమునకు సుమారు మూడువేల అడుగుల ఎత్తున నున్నది. ఏప్రిల్ నెలలో పగటి వేడి సగటున 34 డిగ్రీలు. 2016 ఏప్రిల్‌లో 39 దాటిన దినమును చూచితిమి. శీతకాలపు రాత్రులలో సాధారణముగా 15 డిగ్రీలకు తక్కువ కాదు. ఊరు మారినప్పుడు లెక్కయు మారవలెను.

మేము పెద్ద చదువులు చదివినవారము కాము. అంగడి లెక్క ఎరిగినవారము. ఆ లెక్కయే మీ ముందుంచెదము. తలుపు ఎనిమిది అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు అనుకొందము. షెడ్డులో ఎయిర్ కండిషనరు పెట్టి, బయట 34 డిగ్రీలుండగా లోపల 28 నిలిపితిమనుకొందము. మామూలు రేకుకు బదులు నురుగు తలుపు పెట్టినచో ఆగిపోవు వేడి సుమారు 150 వాట్లు. దానిని తోడివేయుటకు యంత్రమునకు పట్టు విద్యుత్తు అందులో మూడవ వంతు, అనగా 50 వాట్లు. దినమునకు పది గంటలకు అర యూనిటు. యూనిటు ఏడు రూపాయల చొప్పున మూడున్నర రూపాయలు; నూరు వేసవి దినములకు 350 రూపాయలు. రెండు తలుపుల ధరలలో భేదము 30,000 రూపాయలైనచో, పెట్టిన సొమ్ము తిరిగి వచ్చుటకు ఎనుబదియైదేండ్లు! పడమటి ఎండ నేరుగా తగులు తలుపునకు లాభము మూడింతలనుకొన్నను ఇరువదియెనిమిదేండ్లు పట్టును. ఎయిర్ కండిషనరే లేని షెడ్డులో కరెంటు బిల్లున మిగులునది సున్న.

మరియొక మాట. నురుగు మందము పెరిగినకొలది లాభము అదే పాళ్ళలో పెరుగదు. మొదటి అంగుళము రేకుగుండా వచ్చు వేడిలో సుమారు ఐదింట నాలుగు పాళ్ళు ఆపును. రెండవ అంగుళము ఆపునది పదవ వంతునకు లోపు. పైగా అంచుల సందులు మూయనిచో ఎంత మందమైనను వ్యర్థము. అమ్మువారు చెప్పు అంకె తరచుగా పలక నడిమి భాగమునకే గాని, అంచులతో కూడిన తలుపంతటికిని కాదు. మేమును వర్తకులమే గనుక, అమ్మువాని లాభము వేరు, కొనువాని లాభము వేరని ఎరుగుదుము.

మరి వేడి ఎచ్చటినుండి వచ్చుచున్నది? రేకుల కప్పుగల షెడ్డులలో కప్పునుండియే. పది అడుగుల వెడల్పు, పదునెనిమిది అడుగుల పొడవుగల షెడ్డునకు కప్పు 180 చదరపుటడుగులు. తలుపు 56 మాత్రమే. ఏప్రిల్ నాలుగవ వారమునను, ఆగస్టు మూడవ వారమునను మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తిన నుండును. కప్పునకు తెల్లని పూత పూసినచో ఎండలో పెద్ద భాగము వెనుకకు మరలిపోవును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినదియు ఇందులకే. పడమటి వాకిలియైనచో తలుపుపై నొక చూరు దించి, షట్టరునకు లేత రంగు వేయుడు. మన పెద్దలు వేసవిలో వాకిట పందిరి వేసి, గుమ్మములకు వట్టివేళ్ళ తడికలు కట్టినదియు ఈ యెరుకతోనే.

అయినను ఈ తలుపును ఎల్లరును మానవలెనని మా అభిప్రాయము కాదు. మందులో, పాల పదార్థములో, పూలో చల్లగా నిలువ చేయు గదికి అది అవసరము. రహదారి రొద లోనికి రాకూడదను పనిగదికి అది కొంత ఉపకరించును.

ఇక ముఖ్యవిషయము. మన వీథులలో ఎన్నియో షెడ్లు కార్లకు కాక, దర్జీలకును, ఇస్త్రీవారికిని, ట్యూషను చెప్పువారికిని అద్దెకిచ్చియున్నారు. కొన్నిటిలో డ్రైవర్లు నిద్రించుచున్నారు. కారునకు వేడివలన కలుగు నష్టము స్వల్పము. మనుష్యునికి కలుగునది స్వల్పము కాదు. అట్టిచోట మొదటి రూపాయి కప్పునకును, రెండవది గాలి వచ్చు కిటికీకిని, మిగిలినచో తలుపునకును వెచ్చింపవలెను. గాలి దారి లేకుండ సందులన్నియు బిగించుట ప్రమాదకరము. మూసిన గదిలో బొగ్గుల ఇస్త్రీపెట్టె గాని, నడుచుచున్న ఇంజను గాని వాసన లేని విషవాయువును వెలువరించును, నిద్రించువాడు లేవకపోవచ్చును. థర్మోకోలు త్వరగా అంటుకొనును గనుక నిప్పున్న చోట దానిని కప్పక అంటింపరాదు.

కావున తలుపునకు బయానా ఇచ్చుటకు ముందు మూడు ప్రశ్నలు కాగితముపై వ్రాసికొనుడు. లోపల చల్లబరచు యంత్రమున్నదా? లోపల మనుష్యుడున్నాడా? కప్పుకు చేయవలసినది చేసితిమా? మూడింటికిని జవాబు వ్రాసిన పిమ్మట బేరమునకు పొండు. షెడ్డు అద్దెకిచ్చినవారు ఈ వేసవి ముదురక మునుపే, ఒక మధ్యాహ్నము రెండు గంటలవేళ ఆ షెడ్డులో పావుగంట కూర్చుండవలెనని ప్రార్థించుచు, మా ప్రసంగమును ముగించుచున్నాము.