పక్క ఊరి మాట



పాపువా న్యూ గినియాలో ఉండేది సుమారు కోటి మంది. భాషలు మాత్రం 800 పైనే. ప్రపంచ భాషల్లో పదోవంతుకు పైగా ఆ ఒక్క దేశంలోనే ఉన్నాయి. కొండలూ అడవులూ మనుషుల్ని విడదీశాయంటారు. ఆ మాట సగమే నిజం. అక్కడ చాలాచోట్ల ఏడాది పొడవునా వానలే. చిన్న ఊరు కూడా తన తిండి తాను పండించుకుని, ఎవరి మీదా ఆధారపడకుండా బతకగలదు. ఊరు నిలిస్తే దాని మాటా నిలుస్తుంది.

అక్కడే సెలెపెట్ అనే భాష ఉంది. అందులో ‘కాదు’ అనడానికి ‘బియా’ అనేవారు. ఒక ఊరివాళ్లు కూడబలుక్కుని, ఇకమీదట మనం ‘బునే’ అందామని తీర్మానించుకున్నారు. మిగతా సెలెపెట్ ఊళ్లకంటే తాము వేరుగా వినిపించాలి, అంతే. భాషావేత్తలు నమోదు చేసిన ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. నోరు తెరవగానే నేను ఎవరి బిడ్డనో తెలియాలన్న కోరిక మనిషికి ఎంత లోతున ఉందో!

అన్ని మార్పులూ తీర్మానాలతో రావు. కన్నడిగుల కివి మనకు చెవి. వాళ్ల కెరె మన చెరువు. ఒకప్పుడు అందరిదీ ‘క’కారమే; మన పూర్వికుల నోట అది ‘చ’ అయింది. పాల దగ్గర మనం కదల్లేదు, వాళ్లు ‘హాలు’ చేసుకున్నారు. తల్లి నోట విన్న మాటను బిడ్డ రవ్వంత తేడాతో పలుకుతుంది. ఆ తేడా ఇద్దరికీ తెలియదు. వెయ్యేళ్లకు ఆ రవ్వలన్నీ పోగుపడి వేరే భాష అవుతుంది.

భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు అరకు ప్రాంతంలోని ‘కొండ’ అనే భాషను అధ్యయనం చేసి 1969లో పుస్తకం ప్రచురించారు. తెలుగుకు తమిళ కన్నడాలకంటే గోండి, కొండ, కుయి, కువి దగ్గరి చుట్టాలని ఆయన పరిశోధన తేల్చింది. అంటే బడిలో ‘భాష రాదు’ అనిపించుకుంటున్న ఈ భాషల పిల్లలు మాట్లాడేది మన భాషకు తోబుట్టువును. వాళ్లకు భాష రాదనడం నన్ను చాలా బాధపెడుతుంది.

ఈ రోజు పట్టాలందుకున్న మీలో కొందరు ఉట్నూరు వైపు టీచర్లుగానో డాక్టర్లుగానో వెళ్తారు. అక్కడ గోండు పిల్ల వేళ్లు మడిచి లెక్కపెడుతుంటే ఒక్క నిమిషం ఆగి వినండి: ఉండి, రండ్, మూండ్, నాలుంగ్...