ఎదిగే వయసు, బరువు లెక్క

1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, నేటికీ తెలుగు వినిపించే ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాలు గల నాందేడ్ జిల్లాలో జొన్నరొట్టె, పప్పు ఇంటి తిండిగా ఉన్నా, నీట్ కోచింగ్‌కై నాందేడ్ చేరే పిల్లలకు పగలంతా కుర్చీలోనే గడుస్తుంది, దాంతో బరువు పెరగవచ్చు.

వారికి మొదట నేర్పవలసినది బీఎంఐ, అనగా కిలోల బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే అంకె. ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలైతే అది 24. ఈ 24కు పదమూడేళ్ల బాలిక విషయంలోనూ, పదిహేడేళ్ల బాలిక విషయంలోనూ ఒకే అర్థం ఉండదు గనుక, భారతీయ శిశువైద్యుల అకాడమీ 2015లో వయసునూ, బాలబాలికల భేదాన్నీ బట్టి రూపొందించిన పెరుగుదల పటాలతో దానిని పోల్చాలి. ఎత్తు పెరిగే దశలో పూట మాన్పిస్తే ఎముకకు, కండకు చేరవలసిన కాల్షియం, మాంసకృత్తులు తగ్గుతాయి కాబట్టి, బరువును దించడం కంటే ఎత్తు అందుకునే వరకు నిలకడగా ఉంచడమే అధిక బరువున్న చాలామందికి తగిన లక్ష్యం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శ్రమను సూచించింది. జిమ్ చందా అక్కరలేదు: కోచింగ్‌కు సైకిల్‌పై వేగంగా పోవడానికి 20, రావడానికి 20, ఖో-ఖోకు మరో 20 నిమిషాలని విద్యార్థి తన చేత్తో రాసుకుంటే చాలు, మే నెల ఎండల్లో మాత్రం ఆ ఆటను తెల్లవారుజామునకు మార్చాలి.