రిఫ్యూజ్డ్ వేరు, టైమ్ అవుట్ వేరు: డేటాబేస్ సర్వర్ దూరం నుంచి కనెక్ట్ కాకపోతే

డేటాబేస్ సర్వర్ దూరం నుంచి కనెక్ట్ కానప్పుడు, తెర మీద వచ్చే ఎర్రర్‌లోనే సగం జవాబు ఉంటుంది. మై ఎస్‌క్యూఎల్ ఎర్రర్ 2003 నే తీసుకుంటే, దాని చివర ఒక చిన్న అంకె కనిపిస్తుంది. లినక్స్‌లో అది 111 అయితే కనెక్షన్ రిఫ్యూజ్డ్, 110 అయితే టైమ్ అవుట్. విండోస్‌లో ఇవే 10061, 10060.

రిఫ్యూజ్డ్ అంటే మామూలుగా ప్యాకెట్ సర్వర్ దాకా వెళ్లిందని అర్థం. ఆ పోర్టులో వినే ప్రోగ్రామ్ ఏదీ లేకపోవడంతో మెషీన్ వెంటనే రీసెట్ పంపుతుంది. టైమ్ అవుట్‌లో అసలు జవాబే రాదు. చాలాసార్లు దారిలో ఏదో ఫైర్‌వాల్ ప్యాకెట్‌ను మింగేసి ఊరుకుంటుంది. ఫైర్‌వాల్‌లో డ్రాప్‌కి బదులు రిజెక్ట్ అని రాసి ఉంటే అక్కడా రిఫ్యూజ్డ్ అనే రావచ్చు. ఆ ఒక్క మినహాయింపు గుర్తుంటే చాలు.

రిఫ్యూజ్డ్ వచ్చినప్పుడు వెతుకులాట సర్వర్ లోపలే మొదలవ్వాలి. ముందు డేటాబేస్ సర్వీస్ నడుస్తోందో లేదో చూడాలి. నడుస్తుంటే, ఎస్‌ఎస్ కమాండ్‌తో వినే పోర్టుల జాబితా తీయాలి. మై ఎస్‌క్యూఎల్‌కి 3306, పోస్ట్‌గ్రెస్‌కి 5432, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి 1433. పోర్టు నంబరు పక్కన ఉన్న అడ్రస్సే ఇక్కడ కీలకం. 127.0.0.1:3306 అని ఉంటే, డేటాబేస్ తన మెషీన్ లోపలి నుంచి వచ్చే కనెక్షన్లనే తీసుకుంటుంది. ఉబుంటు ప్యాకేజీతో ఇన్‌స్టాల్ చేసిన మై ఎస్‌క్యూఎల్ ఇలాగే వస్తుంది. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ కూడా లోకల్‌హోస్టే. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ.

దీన్ని మార్చే సెట్టింగ్ మై ఎస్‌క్యూఎల్‌లో బైండ్ అడ్రస్, పోస్ట్‌గ్రెస్‌లో లిజన్ అడ్రసెస్. అక్కడ 0.0.0.0 పెట్టడం కన్నా సర్వర్ ప్రైవేట్ ఐపీ రాయడం మంచిది. మార్చాక సర్వీస్‌ని రీస్టార్ట్ చేయాలి. పోస్ట్‌గ్రెస్‌లో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఎవరిని రానివ్వాలో రాసే హెచ్‌బీఏ ఫైలుకి రీలోడ్ సరిపోతుంది, లిజన్ అడ్రసెస్‌కి మాత్రం సరిపోదు.

టైమ్ అవుట్ కథ వేరు. ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో, డెవలపర్ వైట్‌ఫీల్డ్ ఇంట్లో, సర్వర్ 2022 నవంబర్‌లో మొదలైన అమెజాన్ హైదరాబాద్ రీజియన్‌లో ఉన్నాయనుకుందాం. అక్కడ ఫైర్‌వాల్‌గా పనిచేసే సెక్యూరిటీ గ్రూప్‌లో ఇంటి ఐపీ రాసి ఉన్నంతకాలం అంతా సాఫీగానే నడుస్తుంది. ఒకరోజు కరెంటు పోయి వస్తుంది, రౌటర్ మళ్లీ ఆన్ అయి కొత్త ఐపీ తెచ్చుకుంటుంది. సర్వర్‌లో ఒక్క అక్షరం మారకపోయినా కనెక్షన్ ఆగిపోతుంది. సెక్యూరిటీ గ్రూప్ అనుమతి లేని ప్యాకెట్‌ను చప్పుడు లేకుండా వదిలేస్తుంది కాబట్టి రిఫ్యూజ్డ్ రాదు, టైమ్ అవుటే వస్తుంది. పైగా ఇంటర్నెట్ కంపెనీ సీజీనాట్ వాడుతుంటే, ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఎన్నో ఇళ్లు ఉంటాయి. ఆ ఐపీకి అనుమతి ఇవ్వడమంటే ఆ ఇళ్లన్నిటికీ ఇచ్చినట్టే.

పింగ్ వస్తోంది కదా అని పోర్టు తెరిచి ఉందనుకోకూడదు. పింగ్ వాడేది ఐసీఎంపీ, డేటాబేస్ వాడేది టీసీపీ. పరీక్ష ఎన్‌సీ కమాండ్‌తోనో టెల్‌నెట్‌తోనో నేరుగా ఆ పోర్టు మీదే జరగాలి.

1045 యాక్సెస్ డినైడ్, 1130 హోస్ట్ నాట్ అలౌడ్ వచ్చాయంటే నెట్‌వర్క్ బాగానే ఉంది, అడ్డు చెబుతున్నది డేటాబేసే. మై ఎస్‌క్యూఎల్‌లో ఖాతా అంటే యూజర్ పేరు ఒక్కటే కాదు, పేరూ హోస్టూ కలిపి. రూట్ ఎట్ లోకల్‌హోస్ట్‌కి ఉన్న హక్కు బయటి నుంచి వచ్చే రూట్‌కి ఉండదు. రూట్‌ని బయటికి తెరవకుండా, అప్లికేషన్‌కి వేరే యూజర్‌ని చేసి, ఏ ఐపీల నుంచి రావచ్చో అందులోనే రాయాలి.

విసిగిపోయినప్పుడు అందరూ చేసే పని, ఫైర్‌వాల్‌లో 0.0.0.0/0 రాసి ప్రపంచం మొత్తానికీ పోర్టు తెరవడం. ఎర్రర్ పోతుంది, అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న వేలాది మాంగోడీబీ డేటాబేస్‌లను తుడిచేసి, డబ్బు కట్టమని హ్యాకర్లు సందేశాలు వదిలారు. అదే ఏడాది వచ్చిన 3.6 వెర్షన్ నుంచి మాంగోడీబీ కూడా డిఫాల్ట్‌గా లోకల్‌హోస్ట్‌కే పరిమితమైంది. మన దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటి చొరబాటును గమనించిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలియజేయాలి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ చక్కగా సరిపోతుంది. ల్యాప్‌టాప్‌లోని 3307 పోర్టును సర్వర్‌లోని 127.0.0.1:3306 కి కలిపితే, డేటాబేస్‌కి ఆ కనెక్షన్ లోపలి నుంచి వచ్చినట్టే ఉంటుంది. బైండ్ అడ్రస్ ముట్టుకోనక్కర్లేదు, 3306 ని బయటికి తెరవనక్కర్లేదు. క్లయింట్‌లో మాత్రం హోస్ట్‌గా లోకల్‌హోస్ట్ అని కాక 127.0.0.1 అనే రాయాలి. లినక్స్‌లో, మాక్‌లో లోకల్‌హోస్ట్ అంటే మై ఎస్‌క్యూఎల్ కమాండ్ లైన్ క్లయింట్ టన్నెల్‌ని వదిలేసి ల్యాప్‌టాప్‌లోని సాకెట్ ఫైలు కోసం వెతుకుతుంది.