పిల్లి యున్న యింట మనీప్లాంటు ఉంచవచ్చునా?



మన పేటలలో పిల్లి ముద్దుకొఱకు పెంచెడి జంతువు మాత్రమే కాదు, పనివారిలో నొకటి. నూలునకు పెట్టిన గంజి వాసనకు ఎలుకలు చేరును. అవి ఒక్క రాత్రి పడుగును కొఱికినచో, తెగిన పోగులు ముడివేయుటకే మఱునాడు చాలదు. అందుచేత షోలాపురమునందలి మన మగ్గపు గదులలో పిల్లికి ఎప్పుడును చోటున్నది. ఇపుడు కిటికీలలో మనీప్లాంటు సీసాలును వెలసినవి. ఈ రెండును కలసి యుండవచ్చునా యని కొందఱు సోదరీమణులు మమ్ము అడిగిరి. ఒక యింట కుమారుడు తెచ్చిన తీగను పాఱవేయుటయా, అవ్వ సాకిన పిల్లిని తఱుముటయా యని తగవే పుట్టినదట!

తీగను పాఱవేయ నక్కఱలేదు. పిల్లి నోటికి మాత్రము అందరాదు. దాని ఆకులలో కాల్షియం ఆక్సలేటు సూదులవంటి స్ఫటికములుగా నుండును. కొఱికినంతనే అవి నాలుకలో గ్రుచ్చుకొనును. చొల్లు కారును, వాంతి కావచ్చును, పిల్లి మేత ముట్టదు. సరిగా ఉడకని చేమాకు తిన్నపుడు గొంతు దురద పెట్టుట మన మెఱుగుదుము గదా, ఇదియు నదే బాధ. ఆ రెండు మొక్కలును ఒకే కుటుంబములోనివి. సాధారణముగా ప్రాణభయము లేదు. గుమ్మమునకు వ్రేలాడగట్టు కలబందయు పిల్లికి వాంతులు, విరేచనములు కలిగించును.

భయపడవలసినవి వేఱు. పూజకు తెచ్చు గన్నేరు పూవులు, పచ్చగన్నేరు పూవులు గుండె కొట్టుకొనుటనే చెఱచును. వానిని నేలపై వదలరాదు. వానికంటె మోసకరమైనది పెండ్లి పుష్పగుచ్ఛములలో వచ్చు లిల్లీ. దాని పుప్పొడి ఒంటిపై బడగా నాకినను, కూజాలోని నీరు త్రాగినను పిల్లి మూత్రపిండములు చెడిపోవును. కుక్క కంతటి హాని జరుగదు. అందువలననే జనులు ఏమఱుదురు. మల్లె, గులాబీలవలన మాత్రము భయము లేదు. 1866లో న్యూయార్కున స్థాపింపబడిన జంతుహింసా నివారణ సంఘమువారు వీనిని విషరహితములలో చేర్చిరి.

బీడీలు చుట్టు తల్లులకు ఒక మాట. పొగాకు చేటలో పిల్లిని పండనీయకుడు. ఒంటి కంటిన పొడిని అది నాకును. అందలి నికోటిను విషము.

ఇక పిల్లి ఆకు నేల కొఱుకును? పచ్చిగడ్డి నమలుట దాని స్వభావము. షాబాదు బండలు పఱచిన మన యిండ్లలో గడ్డి యెక్కడిది? పాత డబ్బాలో పిడికెడు గోధుమలు చల్లిన చాలును. ఇంట నున్నవి గదా యని జొన్నలు చల్లరాదు. లేత జొన్న మొలకలో హైడ్రోసయానిక్ ఆమ్లము పుట్టును. నాము మేసిన పశువులు కూలుట మన పెద్దలు పల్లెలలో చూచినదే.

పిల్లి ఏదేని తిన్నదని తెలిసినచో ఉప్పునీరు త్రాగించి కక్కింపబూనరాదు; ఉప్పే దానికి ముప్పగును. నమలిన ఆకునో పూవునో చేతబట్టుకొని పశువైద్యునికడకు వెంటనే పోవలెను. లిల్లీ యైనచో పిల్లి హుషారుగా తిరుగుచున్నను తెల్లవారువఱకు ఆగరాదు.

ఆ యింటి తగవు తీరినది. తీగ వంటయింటి కిటికీకి పోయినది. పిల్లి మగ్గముకడనే యున్నది.