హైడ్రోజన్ బండికి బంకే ప్రాణం



మన అనకాపల్లి జిల్లా పూడిమడకలో కట్టే గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అప్పట్నుంచి కనిపించిన ప్రతివారూ ‘హైడ్రోజన్ కారు ఎప్పుడొస్తుందండీ?’ అని అడుగుతున్నారు. కారు ఎప్పుడో వచ్చింది. టయోటా మిరాయ్ 2014లోనే జపాన్‌లో అమ్మకానికి పెట్టారు. రావలసింది బంకు.

ఎండ, గాలి ఇచ్చే కరెంటుతో నీటిని విడగొడితే వచ్చేదే గ్రీన్ హైడ్రోజన్. కిలో తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు పడుతుంది. బండిలోని ఫ్యూయెల్ సెల్ దాన్ని మళ్లీ కరెంటుగా మార్చి మోటారును తిప్పుతుంది. బయటికి వచ్చేది నీరే.

కష్టమంతా నింపే దగ్గర ఉంది. హైడ్రోజన్ అన్నిటికన్నా తేలికైన వాయువు. ట్యాంకులో సరిపడా పట్టాలంటే బస్సుకు 350 బార్, కారుకు 700 బార్ ఒత్తిడితో కూరాలి. 700 బార్ అంటే మీ కారు టైరులో గాలికి సుమారు మూడువందల రెట్లు! అంత ఒత్తిడితో వేగంగా నింపితే ట్యాంకు వేడెక్కుతుంది కాబట్టి, కార్ల బంకుల్లో గ్యాసును ముందే మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. పైగా హైడ్రోజన్ మంట పగటిపూట కంటికి దాదాపు కనిపించదు. లీకును పసిగట్టే సెన్సర్లు లేనిదే బంకు తెరవకూడదు. 2019 జూన్‌లో నార్వేలో, ఓస్లో దగ్గర ఒక బంకు పేలింది. ట్యాంకు ప్లగ్గు బోల్టులు సరిగా బిగించకపోవడమే కారణమని తేలింది. ఈ పనికి చదువుకన్నా ముందు శ్రద్ధగల ఫిట్టర్లు కావాలి. మన ఐటీఐ పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

బంకు కట్టినా, గ్యాసు సరఫరా, వచ్చే బళ్లు సరిగా లేకపోతే నిలవదు. కాలిఫోర్నియాలో కార్ల కోసం తాను పెట్టిన హైడ్రోజన్ బంకులను చమురు కంపెనీ షెల్ 2024లో మూసేసింది.

అందుకే హైడ్రోజన్ కార్ల ఆశ వదులుకుందామంటాను. వంద యూనిట్ల కరెంటులో హైడ్రోజన్ దారిన చక్రానికి చేరేది ముప్ఫై చిల్లర. బ్యాటరీ దారిన డెబ్భై పైనే. ఊళ్లో తిరిగే బండికి బ్యాటరీయే మేలు. రాత్రికి డిపోకు చేరే బస్సులు, రోజూ ఒకే దారిలో బరువు మోసే లారీల సంగతి వేరు. వాటికి ఒక్క బంకు చాలు. లద్దాఖ్‌లోని లేహ్‌లో ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్‌టీపీసీ ఇదే పని చేసింది: ఐదు బస్సులు, ఒక బంకు, దానికి సొంత సోలార్ ప్లాంటు.

పూడిమడకలో రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తీయాలని ప్రణాళిక. దానితో చేసే సరుకులో ఎక్కువ భాగం ఎగుమతికే. ఆ హైడ్రోజన్‌లో రోజుకు ఒక్క టన్ను ఇక్కడ ఉంచితే సుమారు వంద లారీలు రోజుకు వందేసి కిలోమీటర్లు నడుస్తాయి. విశాఖ, గంగవరం ఓడరేవుల లారీల కోసం ఆ టన్ను, ఒక బంకు ఇప్పుడే అడుగుదాం.