పెంచలయ్య: పేరులో పెనవేసుకొన్న స్వామి



వైశాఖ శుద్ధ చతుర్దశి, శ్రీ నృసింహ జయంతి పుణ్యదినమున మనమందరము ఈ సన్నిధిలో కూడినాము. స్తంభము నుండి స్వామి ఉద్భవించిన వృత్తాంతమును మనము ఏటేట వినుచునే యున్నాము. ఈ పూట ఆ కథను మరల చెప్పబోవుట లేదు. ఆ స్వామి మన తెలుగునాట ఒక కొండకోనలో వెలసి, ఆ కోనకు పేరై, ఆ కోన పేరు కాలక్రమమున మనుష్యులకు పేరైన విధమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము. ఆ పేరు పెంచలయ్య. స్త్రీలకైనచో పెంచలమ్మ.

నెల్లూరు సీమవారికి ఈ పేరును పరిచయము చేయనక్కరలేదు. అక్కడ ఊరూర పెంచలయ్యలు కలరు. కాని గోదావరి మండలములలోను, తెలంగాణములోను ఈ పేరును ఒక్కమారైనను వినని వారు ఎందరో కలరు. క్రొత్తగా విన్నవారు 'ఇదేమి పేరు?' అని చిరునవ్వు నవ్వుదురు. ఆ చిరునవ్వు ఒక యువకుని ఎంత బాధించినదో మేము కన్నులార చూచితిమి. ఈ ప్రసంగమునకు ఆ యువకుడే కారణము.

కొంతకాలము క్రిందట ఒక ఊరిలో ప్రసంగము ముగించుకొని లేచుచుండగా ఆ యువకుడు దగ్గరకు వచ్చి నమస్కరించినాడు. పెద్ద చదువు చదివినవాడు, నగరములో కంప్యూటరు ఉద్యోగము. "స్వామీ, నా పేరు మార్చుకొనవలెనని ఉన్నది. ఏ పేరైతే బాగుండునో మీరే సెలవియ్యండి" అన్నాడు. ఇప్పటి పేరేమని అడిగితిమి. తల వంచుకొని "పెంచలయ్య" అన్నాడు. కార్యాలయములో తోటివారు ఆ పేరును సరిగా పలుకలేక ముక్కలు చేసి పిలుచుచున్నారట. పెండ్లి సంబంధము చూడవచ్చినవారు పేరు వినగానే ఒకరి ముఖమొకరు చూచుకొన్నారట. ప్రమాణపత్రము వ్రాయించినాడు, పత్రికలో ప్రకటన వేయించుటకు, గెజెటులో ప్రచురింపజేయుటకు సిద్ధముగా నున్నాడు. "ఇంట్లో అందరూ ఒప్పుకొన్నారు. మా అవ్వ ఒక్కతే మాట్లాడటం మానేసింది" అన్నాడు. ఆ చివరిమాట చెప్పునప్పుడు అతని గొంతు కొంచెము తడబడినది.

అతనికి మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. ఎందులకో తరువాత మనవి చేయుదుము. ముందుగా పేరు అనగా ఏమో విచారింతము.

మన షోడశ సంస్కారములలో నామకరణము ఒకటి. పుట్టిన పదునొకండవ దినమునగాని, పండ్రెండవ దినమునగాని చేయవలెనని శాస్త్రము. మన ఇండ్లలో ఇరువదియొకటవ దినమున బారసాలగా జరుపుకొనుట కూడ ఆచారమై యున్నది. పళ్లెములో బియ్యము పోసి, బంగారు ఉంగరముతో తండ్రి ఆ బియ్యముపై పేరు వ్రాయును. దేవతా నామము, మాస నామము, నక్షత్ర నామము, వ్యావహారిక నామము అని పేర్లు నాలుగు విధములని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. మగబిడ్డ పేరు రెండక్షరములదిగాని, నాలుగక్షరములదిగాని కావలెనని పారస్కర గృహ్యసూత్రమున ఉన్నది. పెం, చ, ల, య్య. నాలుగే అక్షరములు! మనము మోటు పేరని తలచునది ఈ శాస్త్రపు లెక్కకు సరిగా సరిపోవుచున్నది.

ఇక పేరు పుట్టుక. నెల్లూరునకు పడమటి దిక్కున వెలిగొండల వరుస కలదు. రాపూరు దాటి ఆ కొండల ఒడిలోనికి పోయినచో అడవి నడుమ ఒక కోన. అదియే పెంచలకోన. అక్కడ శ్రీ పెనుశిల లక్ష్మీనరసింహస్వామి స్వయంభువుగా వెలసి యున్నాడు. కణ్వ మహర్షి అక్కడ తపస్సు చేసినాడనియు, ఆయన పేరనే అక్కడి యేరు కణ్వలేరై, జనుల నోట కండలేరైనదనియు స్థలకథ. తెలుగుగంగలో భాగమైన కండలేరు జలాశయము పేరు మీరందరు వినియుందురు. కృష్ణా జలములు చెన్నపట్టణమునకు పోవు దారిలోనిదే ఆ జలాశయము. ఋషి పేరు ఏటికి, ఏటి పేరు జలాశయమునకు సంక్రమించినట్లే, స్వామి పేరు కోనకు, కోన పేరు బిడ్డలకు సంక్రమించినది.

పెనుశిల అను మాటకు పెద్దలు రెండు విధముల అర్థము చెప్పుదురు. పెనుగాలి, పెనుభూతము అన్నప్పుడు 'పెను' అనగా పెద్ద. ఆ విధమున చూచినచో పెనుశిల అనగా పెద్ద శిల. త్రాళ్ళను పెనవేసి మోకు చేయుదుము గదా, ఆ 'పెన' రెండవది. ఆ విధమున చూచినచో పెనవేసుకొన్న శిల. గర్భాలయములో స్వామి రూపము రెండు శిలలు ఒకదానినొకటి చుట్టుకొన్నట్లు ఉండుటచేత భక్తులు ఈ రెండవ అర్థమునే ఎక్కువగా చెప్పుకొందురు. పెనుశిల జనుల నాలుకపై నలిగి పెంచల అయినది. ఇది వింతగాదు. హంస మన తెలుగులో అంచ అయినది, నరసింహుడు నరసింగడైనాడు. ఎన్ని తరములవారు ఎన్నిమారులు పిలిచియుందురో, అన్ని పిలుపులకు ఆ మాట గరుకుదనము పోయి నున్నబడినది. ఏటిలోని రాయి నున్నబడినట్లే.

ఆ శిలలు పెనవేసుకొనుట ఏమి? అందే ఈ పేరు యొక్క అర్థమంతయు ఉన్నది. హిరణ్యకశిపుని వధించిన తరువాత స్వామి ఉగ్రము శమింపలేదు. దేవతలు దరిచేర వెరచినారు. ఆ ఉగ్రముతోనే స్వామి అడవులలో సంచరించుచు ఈ కొండలకు వచ్చినాడు. అక్కడ ఒక చెంచు కన్య కనబడినది. ఆమెను చూచి స్వామి శాంతించినాడు. తేనెపట్టు తీయగలవా, దుంపలు త్రవ్వగలవా అని చెంచిత స్వామిని పరీక్షించినట్లు జానపదులు నేటికిని చెప్పుకొందురు. చెంచుల పెద్దను ఒప్పించి స్వామి ఆమెను పెండ్లాడినాడు. ఇద్దరును పెనవేసుకొని శిలారూపమున నిలిచినారు. స్తోత్రములు తగ్గింపలేని క్రోధమును ఒక అడవిబిడ్డ ప్రేమ తగ్గించినది!

కథ అంతటితో ముగియలేదు. ఈ పెండ్లి సంగతి తెలిసి ఆదిలక్ష్మి అమ్మవారు అలిగినదట. స్వామి సన్నిధిని విడిచి కొంత దూరమున పోయి కూర్చున్నదట. నేటికిని పెంచలకోనలో ఆదిలక్ష్మి అమ్మవారి ఆలయము స్వామి ఆలయమునకు ఎడముగనే ఉన్నది. భక్తులు స్వామిని సేవించి అమ్మవారి వద్దకును పోయి మ్రొక్కుదురు. మన ఇండ్లలోని అలుకలు, ఓదార్పులు మనకు దేవుని ఇంటను కనబడుచున్నవి. అందుచేతనే కాబోలు, ఆ సీమవారు ఈ స్వామిని దూరపు దేవునిగా గాక ఇంటిపెద్దగా తలచి 'అయ్య' అని పిలిచినారు. పెంచలకు అయ్య చేరి పెంచలయ్య, అమ్మ చేరి పెంచలమ్మ. కన్నతల్లి తన నెలల బిడ్డను 'పెంచలయ్యా' అని పిలుచునప్పుడు బిడ్డనే గాక బిడ్డలోని స్వామిని కూడ 'అయ్యా' అని గౌరవించుచున్నదని గ్రహింపుడు.

ఇట్టి పేర్లు మన నాట నరసింహ క్షేత్రమున్న చోటనెల్ల కలవు. సింహాచలము చుట్టుప్రక్కల అప్పన్నలు, అప్పలస్వాములు, సింహాచలములు. అహోబిలము సేవించు సీమలో ఓబులేసులు, ఓబులమ్మలు. యాదగిరిగుట్ట ఉన్న తెలంగాణములో యాదగిరులు, యాదయ్యలు, యాదమ్మలు. కందుకూరు ప్రాంతమున మాలకొండయ్యలు, మాల్యాద్రులు. స్వామి ఒక్కడే, పిలుపు ఆయా కొండది. ఒకని పేరు వినినంతనే వాని తాతముత్తాతలు ఏ కొండ మెట్లెక్కి మ్రొక్కినారో తెలిసిపోవును. ఇంటిపేరు వంశమును తెలుపును. ఈ పేరు మ్రొక్కును తెలుపును.

వీనిలో పెంచలయ్య పేరు వ్యాపించిన సీమ చిన్నది. నెల్లూరు, దానికి పొరుగుననున్న కడప, చిత్తూరు ప్రాంతములలోనే ఎక్కువ. కాని ఆ సీమలో ఈ పేరును ఎన్నో కులములవారు పెట్టుకొందురు. పెంచలరెడ్డి, పెంచలనాయుడు, పెంచలదాసు, పెంచల నరసింహులు, పెంచల ప్రసాదు, పెంచల కుమారి అని ఎన్నో విధముల పెట్టుకొందురు. 1984లో నెల్లూరు నుండి లోక్‌సభకు ఎన్నికైనవారు పుచ్చలపల్లి పెంచలయ్యగారు. చేనిలో అరక దున్నువానికిని, శాసనములు చేయు సభలో కూర్చున్నవానికిని ఒకే పేరు. చెంచుకన్యను చేపట్టిన స్వామి పేరు ఒక కులమునకు పరిమితమగుట ఎట్లు?

ఇక, యువకునికి మేము వెంటనే సమాధానము చెప్పలేకపోయిన కారణము. దాచక చెప్పుదుము. చాల యేండ్ల క్రిందట ఒక ఇంట నామకరణమునకు మమ్ము పిలిచినారు. పెండ్లియైన చాలకాలమునకు కలిగిన బిడ్డ. పెంచలయ్య అని పేరు పెట్టుదుమని ఆ ఇంటి పెద్దాయన అన్నాడు. అప్పటికి మేము పెంచలకోన చూచియుండలేదు. నాలుగు సంస్కృత గ్రంథములు చదివితిమను గర్వము మాత్రము ఉండెను. "అది గ్రామ్యముగా నున్నది. శ్రీనృసింహప్రసాద్ అని పెట్టుడు. అర్థమొక్కటే" అంటిమి. పెద్దాయన మా మాట కాదనలేదు. చేతులు నలుపుకొనుచు, "మొక్కుకున్నది పెంచలకోనలో సామీ" అని మాత్రమన్నాడు. బిడ్డ తల్లిదండ్రులకు మా మాటయే నచ్చినది. పళ్లెములోని బియ్యముపై మేము చెప్పిన పేరే వ్రాసినారు.

తరువాత కొన్ని సంవత్సరములకు మేము పెంచలకోనకు పోయితిమి. నృసింహ జయంతి దినములు. ఎండలో కాలినడకను వచ్చినవారు, చంకన బిడ్డలతో వచ్చినవారు. ఎవరో ఒక తల్లి జనసమ్మర్దములో తప్పిన కుమారుని కొరకు 'పెంచలయ్యా, పెంచలయ్యా' అని కేక వేసినది. మా చుట్టునున్న పదిమంది ఒక్కసారిగా తిరిగి చూచినారు! అందరును నవ్వినారు. మాకు మాత్రము కన్నులు చెమర్చినవి. ఆ పెద్దాయన చేతులు నలుపుకొనుట గుర్తుకు వచ్చినది. అర్థమొక్కటే అని మేమన్నమాట నిజము గాదు. మేము చెప్పిన పేరు తప్పు గాదు. అదియును స్వామి నామమే. కాని అందులో ఆ కోన లేదు, ఆ యేరు లేదు, ఆ వృద్ధుని మ్రొక్కు లేదు.

శ్రీమద్భాగవతము షష్ఠ స్కంధములోని అజామిళుని కథ మీకు తెలియనిది గాదు. ఆచారభ్రష్టుడైన అజామిళుడు పదిమంది కుమారులలో కడగొట్టువానికి నారాయణుడని పేరు పెట్టినాడు. మరణకాలమున యమదూతలను చూచి భయపడి ఆ కుమారుని పిలిచినాడు. పిలిచినది కొడుకును, పలికినది భగవంతుడు. పిల్లలకు దేవుని పేరు పెట్టుటలోని రహస్యమిదియే. రోజుకు ఎన్నిమారులు బిడ్డను పిలిచిన అన్నిమారులు నామస్మరణ. అన్నమునకు పిలిచినను, చదువునకు పిలిచినను, కోపముతో కేక వేసినను నామమే. నెల్లూరు సీమలోని అవ్వ నోట ఆ నామము నారాయణ అని గాక పెంచలయ్య అని వచ్చును. అంతియే భేదము.

ఈ సంగతులన్నియు ఆ యువకునికి చెప్పితిమి. మా తప్పును కూడ చెప్పితిమి. "నాయనా, పేరు నీది. మార్చుకొను హక్కు నీకున్నది. కాని అర్థము తెలిసి వదలుకొనుట వేరు, తెలియక వదలుకొనుట వేరు. ఒక్కమారు మీ అవ్వను వెంటబెట్టుకొని కోనకు పోయిరా. వచ్చిన తరువాత నీ బుద్ధికి తోచినట్లు చేయుము" అంటిమి.

మూడు నెలల తరువాత అతడు ఫోను చేసినాడు. అవ్వతో కోనకు పోయినాడట. తన తండ్రికి ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు దక్కకపోగా, తండ్రి కడుపులో నుండగా తాను అక్కడ మ్రొక్కుకొన్న సంగతి ఆ అవ్వ మొట్టమొదటి సారిగా మనుమనికి చెప్పినదట. భయముచేత కొడుకుకు పెట్టక మరచి, మనుమనికి పెట్టి మ్రొక్కు తీర్చుకొన్నదట. "గెజెటు కాగితాలు బీరువాలో పెట్టేశాను స్వామీ. ఆఫీసులో ఇప్పటికీ సరిగ్గా పలకరు. ఎలా పలకాలో, ఎందుకొచ్చిందో నేనే చెప్తున్నాను" అన్నాడు. అవ్వ మాట్లాడుచున్నదా అని అడిగితిమి. "మానటం లేదు" అని నవ్వినాడు.

భక్తులారా! బిడ్డలకు ఏ పేరు పెట్టుకొన్నను మంచిదే. క్రొత్త పేర్లు పెట్టవలదని మేము చెప్పము. కాని ఇంటిలో పెద్దలు మ్రొక్కుకొన్న పేరేదైన ఉన్నచో దానిని మోటు పేరని త్రోసివేయకుడు. ఆ మ్రొక్కు వెనుక ఏమి దుఃఖమున్నదో, ఏమి ఆశ ఉన్నదో వారిని కూర్చుండబెట్టి అడుగుడు. వారుండగానే అడుగుడు. పెంచలయ్యయో, ఓబులేసో, యాదమ్మయో మీకు ఎదురుపడినచో ఆ పేరును తుంచక నిండుగా పిలువుడు. మీరు ఒక మనిషిని పిలుచుచున్నారు. ఒక కొండను తలచుచున్నారు. ఆ కొండలో చెంచులక్ష్మితో పెనవేసుకొని శాంతించిన స్వామిని స్మరించుచున్నారు.

శ్రీ పెనుశిల లక్ష్మీనరసింహుని కరుణ మనయందరిపై ప్రసరించుగాక!

స్వస్తి.